పొద్దుగూకే వేళ నగరంలో వలస పక్షుల విడిది: చూడడం ఎలా?

పక్షులు నిద్రపోయే చెట్టు ఎక్కడుందో తెలిస్తే చాలు, దాని కిందకు వెళ్లి తల పైకెత్తితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ చెట్టు కింద కనిపించేది తక్కువ. ఆకులు, అరుపులు, మీద పడే రెట్టలు, అంతే. చూడాల్సిందంతా చెట్టుకు బయట ఆకాశంలో, సూర్యాస్తమయానికి అటూ ఇటూ గంటసేపట్లో జరిగిపోతుంది. అందుకే ముందుగానే చెబుతున్నాను: దూరంగా నిలబడండి. అలా ఉంటే మీకు ఎక్కువ కనిపిస్తుంది, పక్షులకు ఇబ్బంది తక్కువ.

ఏ పక్షులు, ఎందుకు నగరానికే?

పగలంతా పొలాల్లోనో, చెత్తకుప్పల దగ్గరో, చెరువుల మీదో తిరిగిన పక్షులు రాత్రికి ఊరి నడిబొడ్డుకు రావడం వింతగా అనిపిస్తుంది. దానికి కారణాలున్నాయి. చలికాలంలో నగరం చుట్టుపక్కల పల్లెల కంటే కొంత వెచ్చగా ఉంటుంది, భవనాలు గాలిని అడ్డుకుంటాయి. రాత్రిపూట వేటాడే జంతువులు, గుడ్లగూబలు తక్కువ. వేలమందిలో ఒకరైతే డేగ పట్టుకునేది మిమ్మల్నే అయ్యే అవకాశమూ తగ్గుతుంది. ఇంకో వాదన కూడా ఉంది. గుంపుగా పడుకుంటే, ఆ రోజు కడుపు నిండిన పక్షుల వెంట మర్నాడు మిగతావి మేతకు వెళ్లవచ్చని 1973లో వార్డ్, జహావీ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. దీని మీద చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.

ప్రపంచంలో బాగా పేరున్న విడుదులు కొన్ని చూడండి. ఉత్తర, తూర్పు యూరప్ నుంచి వచ్చే స్టార్లింగ్‌లు (మన గోరింకల కుటుంబానివే) చలికాలంలో రోమ్ నగరంలో, ముఖ్యంగా టెర్మినీ రైల్వే స్టేషన్ పరిసరాల్లో, లక్షల్లో దిగుతాయి. అమెరికాలో పర్పుల్ మార్టిన్ అనే పెద్ద స్వాలోలు (గాల్లోనే పురుగులు పట్టి తినే పక్షులు) దక్షిణ అమెరికాకు బయల్దేరే ముందు, వేసవి చివర్లో, నగరాల్లో చేరతాయి. నాష్‌విల్‌లో సింఫనీ హాలు ముందున్న చెట్లలో లక్షకు పైగా చేరిన ఏడాదీ ఉంది. పోర్ట్‌లాండ్‌లో వాక్స్ స్విఫ్ట్‌లు అనే చిన్న పక్షులు సెప్టెంబరులో చాప్‌మన్ స్కూలు పొగగొట్టంలోకి దూరుతాయి. దక్షిణాఫ్రికాలో డర్బన్ శివార్లలోని మౌంట్ మోర్లాండ్ రెల్లుగడ్డిలో యూరప్ నుంచి వచ్చిన స్వాలోలు లక్షల్లో దిగిన ఏళ్లున్నాయి. పక్కనే విమానాశ్రయం ఉండడంతో అక్కడ రాడార్‌తో వాటి మీద కన్నేసి ఉంచే ఏర్పాటు చేశారు. వియన్నాలో చలికాలపు రూక్ కాకులున్నాయి. డబ్లిన్ ఓకానెల్ స్ట్రీట్ చెట్లలో వాగ్‌టెయిల్‌లు అనే తోక ఆడించే చిన్న పిట్టలు పడుకోవడాన్ని 1929 చలికాలంలోనే గమనించారు. మధ్య ఆసియా నుంచి వచ్చే గులాబీ గోరింకలు జూలై, ఆగస్టుల నుంచి ఏప్రిల్ దాకా భారత ఉపఖండంలో ఉంటాయి, ఊళ్లలో వేల సంఖ్యలో చేరతాయి.

పేరున్న చోటికే వెళ్లాలని లేదు. నాలుగైదు వందల పక్షులున్న చిన్న విడిది, రోజూ వెళ్లగలిగేంత దగ్గర్లో ఉంటే, దూరదేశంలోని లక్షల గుంపు కంటే అదే ఎక్కువ నేర్పుతుంది.

మొదటి అడుగు: కాలం, సమయం

ముందు మీరున్న ప్రాంతానికి ఏ వలస పక్షి ఏ నెలలో వస్తుందో చూడండి. పక్షులు చూసేవాళ్లు తమ లెక్కలు ఎక్కించే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఒక్కో జాతి ఒక్కో ప్రాంతంలో ఏ వారాల్లో కనిపిస్తోందో పట్టీల రూపంలో ఉంటుంది. రాక మొదలైన తొలి వారాల్లో గుంపు చిన్నగా ఉంటుంది, చోటు కూడా మారుతూ ఉంటుంది. కొన్ని వారాలు ఆగితే కుదురుకుంటుంది.

తర్వాత ఆ రోజు సూర్యాస్తమయం ఎన్నింటికో ఫోన్‌లో చూసుకోండి. దానికి గంట ముందు మీ చోట ఉండాలి. అస్తమయం తర్వాత మసక వెలుతురు ఎంతసేపు ఉంటుందన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న చోట్ల పాతిక నిమిషాల్లోపే చీకటి కమ్ముతుంది, పైన ఉత్తరానికి పోయేకొద్దీ అరగంటకు మించి సాగుతుంది. మబ్బు పట్టిన రోజు పక్షులు గడియారం చూడవు, వెలుతురు తగ్గగానే వచ్చేస్తాయి. అలాంటి రోజు ఇంకో పావుగంట ముందే వెళ్లండి.

గాలి, వాన ఉన్న సాయంత్రాలు అంత కలిసిరావు. పక్షులు కిందగా, సూటిగా వచ్చి నేరుగా కొమ్మల్లో దూరతాయి. గాలి లేని, ఆకాశం తేటగా ఉన్న రోజును ఎంచుకోండి.

రెండో అడుగు: విడిది ఎక్కడుందో పట్టుకోవడం

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి నేల చూసి కనిపెట్టడం, రెండోది ఆకాశం చూసి.

నేల చూసే పద్ధతి పగటిపూట చేసేది. పెద్ద చెట్ల కింద పేవ్‌మెంట్ మీద, ఆగి ఉన్న కార్ల మీద, బస్‌స్టాప్ కప్పుల మీద తెల్లటి మరకలు దట్టంగా ఉన్నాయా చూడండి. చెట్టు కిందంతా ఒకే తీరుగా, మందంగా రెట్టలుంటే అది రాత్రి విడిది. ఒక కొమ్మ కిందే నాలుగు మరకలుంటే అక్కడ పక్షులు పగలు కాసేపు కూర్చుని ఉంటాయి, అంతే. రెట్టల రంగు కూడా కొంత చెబుతుంది. పళ్లు తినే పక్షులవి ఊదాగా, గింజలతో ఉంటాయి. పురుగులు తినే స్వాలోలవి చిన్నగా, పొడిగా ఉంటాయి. ఆ చుట్టుపక్కల దుకాణాలవాళ్లను, వాచ్‌మన్‌లను, వీధి ఊడ్చేవాళ్లను అడగడం అన్నిటికంటే తేలిక. ఏ చెట్టు కింద బండి పెట్టకూడదో వాళ్లకు తెలుసు!

ఆకాశం చూసే పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది. సూర్యాస్తమయానికి గంట ముందు నాలుగు వైపులా కనిపించే ఎత్తైన డాబా ఎక్కండి. ఒకే దిక్కుకు వరసగా పోతున్న పక్షుల గుంపులను గమనించండి. తిరుగుతున్నవాటిని వదిలేయండి, గీత గీసినట్టు సూటిగా వెళ్తున్నవే కావాలి. ఫోన్‌లోని దిక్సూచితో ఆ దిశ ఎన్ని డిగ్రీలో రాసుకోండి. మర్నాడు ఒకటి రెండు కిలోమీటర్ల దూరంలో, పక్కకు జరిగిన ఇంకో ఎత్తైన చోట నుంచి ఇదే పని చేయండి. మ్యాప్ మీద రెండు చోట్ల నుంచి రెండు గీతలు గీస్తే అవి కలిసే చోటికి దగ్గర్లోనే విడిది ఉంటుంది. గీతలు చెరువు దగ్గర కలిస్తే రెల్లుగడ్డిని, పాత ఫ్యాక్టరీ దగ్గర కలిస్తే పొగగొట్టాన్ని, పార్కులో కలిస్తే దట్టంగా ఆకులున్న చెట్లను అనుమానించండి. చలికాలంలో ఆకు రాల్చే ప్రాంతాల్లో అయితే ఆకు రాలని చెట్ల వైపు మొదట చూడాలి. బస్టాండ్లు, ఆసుపత్రి ఆవరణలు, వీధిదీపాల పక్కన ఉన్న చెట్లు కూడా వదలకండి. వెలుగు, జనం పక్షులకు మనం అనుకున్నంత అడ్డు కావు.

ఇక్కడ ఒక చిక్కుంది. గీతలు కలిసిన చోట పక్షులు సెల్ టవర్ మీదో, కరెంటు తీగల మీదో బారులు తీరి కనిపిస్తాయి. అదే విడిది అనుకుని ఇంటికి రాకండి. రాత్రికి ముందు పక్షులు అలా ఒక చోట కూడి, ఈకలు సర్దుకుని, కాసేపు అరుచుకుని, చీకటి పడే ముందు మూకుమ్మడిగా అసలు చోటికి లేచి వెళ్తాయి. ఆ రెండింటి మధ్య కొన్ని వందల మీటర్లు ఉండొచ్చు, ఇంకా ఎక్కువే ఉండొచ్చు. చివరి పక్షి లేచేదాకా ఆగితేనే అసలు చెట్టు తెలుస్తుంది.

మూడో అడుగు: నిలబడే చోటు

చెట్టుకు కనీసం వంద మీటర్ల దూరంలో, పడమటి ఆకాశం చెట్టుకు వెనకాల ఉండేలా నిలబడండి. చీకటి పడేకొద్దీ వెలుతురు మిగిలేది ఆ వైపే కాబట్టి, పక్షులు నల్లటి ఆకారాలుగా చివరిదాకా కనిపిస్తాయి. తూర్పు వైపు చూస్తే పది నిమిషాల ముందే కళ్లకు పని ఉండదు. సూర్యుడు పూర్తిగా దిగేదాకా మాత్రం బైనాక్యులర్‌ను ఆ దిక్కుకు తిప్పకండి, కన్ను దెబ్బతింటుంది.

మూడో నాలుగో అంతస్తు డాబా దొరికితే మంచిది. పక్షులు మీ కంటి ఎత్తులో వస్తాయి. ముందే అనుమతి తీసుకోండి, పిట్టగోడకు ఆనుకుని వెనక్కు వంగి చూడకండి. రోడ్డు పక్కన అయితే పైకి చూస్తూ నడవొద్దు. చూడాలంటే ఆగి చూడండి. పక్షులు చూడ్డానికి వచ్చి ఆటో కింద పడితే ఎవరికీ సర్ది చెప్పుకోలేం.

ఏం తీసుకెళ్లాలి

బైనాక్యులర్ ఉంటే సగం పని అయినట్టే, కానీ ఏదో ఒకటి తీసుకెళ్తే కుదరదు. ముందు అద్దం వ్యాసాన్ని పెద్దది చేసే అంకెతో భాగిస్తే కంట్లోకి వచ్చే వెలుతురు చుక్క ఎంతో తెలుస్తుంది. 8×42 (ఎనిమిది రెట్లు పెద్దది చేసేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) అయితే 5.25 మిల్లీమీటర్లు, 10×25 అయితే 2.5 మాత్రమే. మసకలో మన కంటిపాప 5 నుంచి 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. అంటే జేబులో పట్టే చిన్న బైనాక్యులర్ మధ్యాహ్నం బాగా చూపించినా, సందె వేళ చీకటిగా ఉంటుంది. 8×42 గానీ 7×50 గానీ తీసుకోండి. టెలిస్కోప్ అక్కర్లేదు, పక్షులు అందులో నిలవవు.

మిగతావి మామూలే. నోటుబుక్, పెన్సిల్, దోమల మందు, తిరిగి రావడానికి టార్చి, టోపీ.

నాలుగో అడుగు: ఆ గంటసేపు ఏం చూడాలి

మొదట ఏమీ ఉండదు. కాకులు, ఊరి గోరింకలు, చిలకలు వాటి చెట్లకు అవి వెళ్తుంటాయి. ఇవి ఏడాదంతా ఇక్కడ ఉండేవే. వలస పక్షులు తరచూ వీటితో కలిసే పడుకుంటాయి కాబట్టి, ముందు వీటి ఆకారం, ఎగిరే తీరు కంటికి అలవాటు చేసుకోండి. గులాబీ గోరింక పెద్ద పక్షికి గులాబీ ఒళ్లు, నల్లటి తల, రెక్కలు ఉంటాయి. పిల్లవాటికి ఈ రంగేమీ ఉండదు, ఇసుక రంగులో పసుపు ముక్కుతో ఉంటాయి. జూలై, ఆగస్టుల్లో వచ్చే గుంపుల్లో వీటిని చూసి వేరే పక్షి అనుకోవడం మామూలే. చీకటి పడ్డాక రంగు ఎలాగూ కనపడదు. అప్పుడు ఆకారమే దిక్కు. స్టార్లింగ్ జాతి పక్షుల రెక్కలు మొనదేలి త్రికోణంలా, తోక పొట్టిగా ఉంటుంది. ఊరి గోరింక ఎగిరినప్పుడు రెక్కల్లో తెల్ల మచ్చలు మెరుస్తాయి. వాగ్‌టెయిల్ ఎగుడుదిగుడుగా అలల మీద పోయినట్టు ఎగురుతుంది. స్వాలోకు పొడవాటి రెక్కలు, చీలిన తోక.

తర్వాత గుంపులు రావడం మొదలవుతుంది. పదులు, ఇరవైలు, ఆపైన వందలు. ఏ దిక్కు నుంచి ఎక్కువ వస్తున్నాయో చూసుకుంటే అవి పగలు ఎక్కడ మేస్తున్నాయో తెలుస్తుంది. ఒక వైపు నుంచి రాక ఆగిపోయిందంటే అటు వైపు పంట కోతలు అయిపోయాయో, పూత అయిపోయిందో చూడండి.

ఇప్పుడు అసలు ఘట్టం. కూడిన గుంపు గాల్లోకి లేచి ఒక్క ప్రాణిలా సాగుతుంది, ముడుచుకుంటుంది, తిరగబడుతుంది. స్టార్లింగ్‌లలో ఇది అన్నిటికంటే ఎక్కువ. 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనం కోసం 23 దేశాల నుంచి సామాన్యులు మూడు వేలకు పైగా పరిశీలనలు పంపారు. ఆ ఎగురుడు సగటున 26 నిమిషాలు సాగిందని, దాదాపు 30 శాతం సందర్భాల్లో డేగలాంటి వేట పక్షి కనిపించిందని అందులో తేలింది. కాబట్టి గుంపు ఒక్కసారిగా బిగుసుకుని నల్లగా మారితే గుంపును చూడకండి. దాని పైన, అంచుల్లో వెతకండి. ఒంటరి పక్షి ఒకటి దొరుకుతుంది. చాలాసార్లు అది పెరిగ్రిన్ డేగ అయి ఉంటుంది, నగరంలోని ఎత్తైన భవనాల మీద కూర్చుని ఈ వేళ కోసమే చూస్తుంటుంది. అది దూసుకొచ్చినప్పుడు గుంపులో ఒక నల్లటి గీత అలలా ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పరుగెడుతుంది. ఆ గీతను ఒక్కసారి పట్టుకోగలిగితే తర్వాత ప్రతిసారీ కనిపిస్తుంది.

ఇంత పెద్ద గుంపు ఢీకొట్టుకోకుండా ఎలా తిరుగుతుంది? రోమ్‌లో టెర్మినీ ఎదురుగా ఉన్న పలాజ్జో మాస్సిమో మ్యూజియం పైకప్పు నుంచి భౌతిక శాస్త్రవేత్తలు గుంపుల్ని ఒకేసారి వేర్వేరు కోణాల్లో ఫోటోలు తీసి, ఒక్కో పక్షి ఎక్కడుందో లెక్కకట్టారు. 2008లో వెలువడిన ఫలితం ఇది: ఒక్కో పక్షి తనకు దగ్గరగా ఉన్న ఆరేడు పక్షులను మాత్రమే అనుసరిస్తుంది. అవి ఎంత దూరంలో ఉన్నాయన్నది ముఖ్యం కాదు, వరసలో దగ్గరివి అవడమే ముఖ్యం. అందుకే గుంపు పలచబడినా తెగిపోదు. నాయకుడంటూ ఎవరూ లేరు. ఆ బృందంలో ఉన్న జార్జో పారిసికి 2021లో భౌతిక శాస్త్ర నోబెల్ వచ్చింది, సంక్లిష్ట వ్యవస్థల మీద చేసిన పనికి.

అన్ని జాతులూ ఇలా ఎగరవు. వాగ్‌టెయిల్‌లు చడీచప్పుడు లేకుండా రెండూ మూడూగా వచ్చి వీధి చెట్లలో దూరతాయి. స్విఫ్ట్‌లు పొగగొట్టం చుట్టూ సుడి తిరుగుతూ, దాదాపు చీకటి పడ్డాక ఒక్కొక్కటీ రాలినట్టు లోపలికి పోతాయి. వాటి కాళ్లు కొమ్మ మీద కూర్చోవడానికి పనికిరావు, నిలువు గోడకు వేలాడాలి. స్వాలోలు అన్నిటికంటే ఆలస్యం. ఇక రావులే అని మీరు సర్దుకునే సమయానికి రెల్లుగడ్డిలోకి ఒక్కుమ్మడిగా పడతాయి.

దిగడాన్ని కూడా వదలకండి. గుంపు అడుగున చిన్న గరాటులా ఒక తోక సాగుతుంది, పక్షులు చెట్టులోకి జారతాయి, ఏదో బెదురుకు సగం మళ్లీ లేస్తాయి. ఇది రెండు మూడుసార్లు జరగవచ్చు. లోపలికి దూరాక గోల ఒక్కసారిగా పెరుగుతుంది. అది కొమ్మల కోసం జరిగే తగువు. రూక్ కాకుల విడుదుల్లో ముదురు పక్షులు పై కొమ్మలు పట్టుకుంటాయి, కుర్రవి కింద సర్దుకుంటాయి. కింద ఉన్నవాటి ఈకల మీద రాత్రంతా ఏం పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. చలి, గాలి ముదిరిన రాత్రి పెద్దవి కిందకు దిగి కుర్రవాటిని వాటి చోట్ల నుంచి తోసేస్తాయి.

ఐదో అడుగు: లెక్క

"వేలకు వేలు" అని రాసుకుంటే వచ్చే ఏడాది పోల్చడానికి ఏమీ మిగలదు. వేల పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం ఎలాగూ కుదరదు. తేలిక పద్ధతి ఒకటుంది. రెండు స్తంభాల మధ్యో, భవనం అంచుకూ టవర్‌కూ మధ్యో ఊహలో ఒక గీత పెట్టుకోండి. ఆ గీత దాటే పక్షుల్ని నిమిషంపాటు లెక్కించండి. ముందుగా పదింటిని లెక్కపెట్టి, పది ఎంత చోటు ఆక్రమిస్తాయో కంటికి పట్టించుకుని, ఆ తర్వాత పదులుగా, అలవాటయ్యాక వందలుగా లెక్కించండి. అయిదు నిమిషాలకోసారి ఇలా ఒక నిమిషం లెక్క తీసి, దాన్ని అయిదుతో హెచ్చవేసి, మొత్తం కూడండి. వేరే దిక్కుల్లో ఒక్కో మనిషి ఉంటే ఇంకా మంచిది. గాల్లో తిరుగుతున్న ముద్దను లెక్కపెట్టబోకండి. దట్టమైన గుంపును కన్ను ఎప్పుడూ తక్కువగానే అంచనా వేస్తుంది. దాని ఫోటో తీసి ఇంటి దగ్గర గడులు గీసి లెక్కించుకోవచ్చు.

తేదీ, మొదటి గుంపు వచ్చిన సమయం, చివరి పక్షి దిగిన సమయం, మబ్బు, గాలి, దిక్కు, సంఖ్య రాయండి. ఒకే అంకె కంటే "3 వేల నుంచి 4 వేల మధ్య" అన్నట్టు రాయడం నిజాయతీ. ఈబర్డ్‌లో ఎక్కించేటప్పుడు మాత్రం మీ మంచి అంచనా ఒక్కటి ఇచ్చి, వివరం కామెంట్‌లో పెట్టండి.

ఫోటోలు

ఫోన్ అయితే వీడియో తీయండి. నైట్ మోడ్ ఆపేయండి, అది కదిలేవాటిని చెరిపేస్తుంది. డిజిటల్ జూమ్ వద్దు. భవనాలు, వీధిదీపాలు ఫ్రేములో ఉంటేనే గుంపు ఎంతుందో తెలుస్తుంది. కెమెరా ఉంటే ఆకాశానికి వెలుతురు కొలిచి పక్షుల్ని నల్లగా వదిలేయండి. రెక్కలు స్పష్టంగా కావాలంటే సెకనులో వెయ్యో వంతు, గుంపు కదలిక గీతల్లా కావాలంటే పదిహేనో వంతు. ఫ్లాష్ ఎప్పుడూ వద్దు, అంత దూరం అది ఎలాగూ అందదు, దగ్గరి కొమ్మలోని పక్షుల్ని లేపుతుంది.

చేయకూడనివి

చీకట్లో లేచిన పక్షికి మళ్లీ కుదురుకోవడం కష్టం. తీగలు, అద్దాల గోడలు కనపడవు. 2021 జనవరి 1 తెల్లవారేసరికి రోమ్‌లో టెర్మినీ దగ్గర వీధుల్లో వందలాది స్టార్లింగ్‌లు చచ్చిపడి ఉన్నాయి. కొత్త సంవత్సరం బాణసంచాకు బెదిరి, చీకట్లో లేచి తీగలకు, కిటికీలకు గుద్దుకుని ఉంటాయని జంతు సంరక్షకులు భావించారు. కాబట్టి చప్పట్లు కొట్టి ఎగరగొట్టి వీడియో తీయడం, డ్రోన్, లేజర్, రికార్డు చేసిన కూతలు, ఏవీ వద్దు. ఎవరైనా చేస్తుంటే మర్యాదగా చెప్పండి. చాలామంది తెలియకే చేస్తారు.

ఎండిన రెట్టల పొడి పీల్చకండి. ఏళ్ల తరబడి పేరుకున్న చోట హిస్టోప్లాస్మా అనే ఫంగస్ పెరగవచ్చు, అది ఊపిరితిత్తులకు సోకుతుంది. చెట్టు కింద ఊడ్చి, తవ్వి గింజలు ఏరి చూడాలన్న ఉత్సాహం ఉంటే మానుకోండి. చచ్చిన పక్షుల్ని చేత్తో ముట్టొద్దు. ఒకేసారి చాలా చచ్చి కనిపిస్తే బర్డ్ ఫ్లూ అనుమానంతో పశువైద్య శాఖకు చెప్పండి.

ఒక సాయంత్రం చెట్టు ఖాళీగా ఉంటే

పక్షులు వెళ్లిపోయాయని వెంటనే అనుకోవద్దు. ముందు చుట్టూ నాలుగైదు వీధులు తిరిగి చెవి పెట్టండి. కొమ్మలు నరికినా, కొత్త ఫ్లడ్‌లైట్ పెట్టినా, గుడ్లగూబ మకాం వేసినా గుంపు దగ్గర్లోని ఇంకో చెట్టుకు మారుతుంది. అక్కడా లేకపోతే మళ్లీ డాబా ఎక్కి దిశ చూడండి. గీతలు ఇదివరకటిలాగే వస్తూ మీ చెట్టు మీదుగా దాటిపోతుంటే విడిది ముందుకు జరిగింది. గీతలు వేరే డిగ్రీల్లో వస్తుంటే మేత చోటు మారింది. గీతలే లేకపోతే క్యాలెండర్ చూడండి. తిరుగు ప్రయాణపు నెల కాకపోతే ఇంకో వారం ఆగండి. అదే నెల అయితే ఆ తేదీని నోటుబుక్‌లో రాసి, వచ్చే రాకకు ఒక నెల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.